ఇతరులకు చోటులేని శాంతి

యుద్ధం ఆగిన దేశాల గురించి మాట్లాడేటప్పుడు చదువుకున్నవాళ్ళ నోట తరచు వినిపించే మాట ఒకటుంది. “ముందు శాంతి నిలబడనివ్వండి, న్యాయం సంగతి తర్వాత చూసుకోవచ్చు” అని. వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది. నెత్తురు చూసినవాళ్ళెవరూ ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేరు. కాని ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుంది, ఎవరికొస్తుంది అని అడిగినవాడు మాత్రం వాళ్ళ కంటికి తుంటరిలా కనిపిస్తాడు. ఈ వ్యాసంలో నేను ఆ తుంటరి ప్రశ్నే అడగదలచుకున్నాను.

బరంపురం కోర్టుల్లో ముప్పై ఏళ్ళకు పైగా ప్లీడరు వృత్తి చేసినవాణ్ణి. పుస్తకంలో ఉన్న హక్కుకూ, కక్షిదారుడి చేతికందే హక్కుకూ మధ్య ఎంత దూరముందో చెప్పడానికి నాకు వేరే గురువు అక్కర్లేదు. ఆ దూరం మామూలు దేశాల్లోనే ఇంతుంటే, యుద్ధంలో చితికిపోయిన దేశంలో ఎంతుంటుంది? అక్కడికి అంతర్జాతీయ న్యాయాన్ని తెచ్చి నాటితే వేళ్ళూనుతుందా? దీనికి బోస్నియా-హెర్జెగోవినాను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ప్రపంచంలో ఏ రాజ్యాంగమూ మోయనన్ని అంతర్జాతీయ హక్కుల్ని తలకెత్తుకున్నామని చెప్పుకోదగ్గ దేశం అది. అదే రాజ్యాంగం కొందరు పౌరులను మీరు పోటీకి పనికిరారని గడప బయటే నిలబెట్టింది.

1992 నుంచి 1995 దాకా బోస్నియాలో జరిగిన యుద్ధంలో సుమారు లక్షమంది చనిపోయారు. దేశ జనాభాలో దాదాపు సగంమంది ఇళ్ళు వదిలి పారిపోయారు. 1995 జూలైలో స్రెబ్రెనిట్సాలో ఎనిమిది వేలకు పైగా బోస్నియాక్ పురుషులను, మగపిల్లలను చంపారు. ఆ నవంబరులో అమెరికాలోని డేటన్ ఊళ్ళో, ఒక వైమానిక స్థావరంలో ఒప్పందం కుదిరింది. డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. తుపాకులు ఆగాయి. అది చిన్న విషయమని నేను అనను.

ఆ ఒప్పందానికి చివర జతచేసిన అనుబంధాల్లో నాలుగోది ఆ దేశపు రాజ్యాంగం! పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మన రాజ్యాంగ సభ దాదాపు మూడేళ్ళు కూర్చుని, వాక్యం వాక్యం వాదించుకుని రాజ్యాంగం రాసుకుంది. బోస్నియా రాజ్యాంగం ఒక సంధిపత్రానికి అనుబంధం. దాన్ని రాసింది ఇంగ్లీషులో, ఆ దేశపు ఏ భాషలోనూ కాదు. దాన్ని ప్రజల ఓటుకు పెట్టలేదు. భాష కోసం తపించే మన పత్రిక పాఠకులకు ఇందులో ఉన్న బాధ వేరే వివరించనక్కర్లేదు. తన హక్కులేమిటో తన భాషలో పుట్టని పత్రంలో వెతుక్కోవలసిన మనిషి ఆ పత్రాన్ని తనదనుకోవడానికి చాలా కాలం పడుతుంది.

అయినా ఆ పత్రంలో ఒక గొప్ప వాక్యం ఉంది. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడికలోని హక్కులు బోస్నియాలో నేరుగా అమలవుతాయనీ, మిగతా చట్టాలన్నిటికంటే వాటిదే పైచేయి అనీ రెండో అధికరణం చెబుతుంది. దీని బరువు తెలియాలంటే మన దేశంతో పోల్చి చూడాలి. మన ప్రభుత్వం ఏదైనా అంతర్జాతీయ ఒడంబడిక మీద సంతకం చేసినంతమాత్రాన అది కోర్టులో నిలబడే చట్టం కాదు. దానికి చట్టరూపం ఇచ్చే అధికారం 253వ అధికరణం కింద పార్లమెంటుది. 1997లో విశాఖ వర్సెస్ రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు, స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆసరా చేసుకుని, పనిచేసే చోట వేధింపుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసింది 2013లో. అంటే మనకు పదహారేళ్ళ నడక. బోస్నియాలో ఆ నడకే అక్కర్లేదన్నారు. ఒడంబడిక నేరుగా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. దానితోపాటు మరో పదిహేను అంతర్జాతీయ ఒప్పందాల జాబితా రాజ్యాంగానికి తోకగా వచ్చింది. జాతిహత్య నిషేధం, జెనీవా ఒప్పందాలు, బాలల హక్కులు, చివరికి మైనారిటీ భాషల యూరోపియన్ చార్టర్ కూడా అందులో ఉన్నాయి. ఆ చార్టర్‌ను 1995లో రాజ్యాంగంలో రాసుకున్న దేశం దాన్ని ధ్రువీకరించింది 2010లో! జాబితాలో పేరెక్కడం వేరు, బడిలో పాఠమెక్కడం వేరు అని మనకు ఎవరైనా కొత్తగా చెప్పాలా?

ఇక అసలు సంగతి. ఆ రాజ్యాంగ పీఠికలో బోస్నియాక్‌లు, క్రొయేట్‌లు, సెర్బులు అనే ముగ్గురిని దేశానికి కర్తలైన జాతులుగా పేర్కొన్నారు. వాళ్ళ పక్కన కుండలీకరణంలో ‘ఇతరులతో పాటు’ అని రాశారు. అవును, కుండలీకరణంలోనే. దేశాధ్యక్ష స్థానంలో ముగ్గురుంటారు. ఒకరు బోస్నియాక్, ఒకరు క్రొయేట్, ఒకరు సెర్బు. పార్లమెంటు ఎగువసభలో పదిహేనుమంది. అక్కడా ఐదు, ఐదు, ఐదు. యూదులు, రోమాలు, ఇంకా చట్టం గుర్తించిన పదిహేడు మైనారిటీ జాతుల్లో ఎవరైనా సరే, తాను ఫలానా అని నిజం చెప్పుకుంటే ఆ కుర్చీల దరిదాపులకు వెళ్ళడానికి వీల్లేదు.

యాకోబ్ ఫింత్సి సారయేవో యూదుల పెద్ద. ఆ యూదుల పూర్వీకులు అయిదు శతాబ్దాల క్రితం స్పెయిన్ నుంచి తరిమివేయబడి అక్కడికి వచ్చినవాళ్ళు. తమ పాత స్పానిష్ మాండలికాన్ని, లడీనోను, ఇళ్ళల్లో తరతరాలు నిలుపుకున్నవాళ్ళు. సారయేవో ముట్టడి రోజుల్లో వాళ్ళ సేవాసంఘం ‘లా బెనెవొలెన్సియా’ మందులూ భోజనమూ మతం అడక్కుండా అందరికీ పంచింది. దాన్ని నడిపించినవారిలో ముఖ్యుడు ఫింత్సి. తుపాకి పట్టిన మూడు పక్షాల్లో దేనిలోనూ వాళ్ళు లేరు. ఆ ఫింత్సి తాను అధ్యక్ష పదవికి పోటీ చేయవచ్చునా అని ఎన్నికల సంఘాన్ని అడిగితే, 2007 జనవరి 3న జవాబు వచ్చింది. మీరు యూదులు కాబట్టి కుదరదు అని. నాజీలకు మిత్రులైన వాళ్ళ నిర్బంధంలో, 1943లో, రాబ్ దీవిలోని శిబిరంలో పుట్టిన మనిషికి యూరపు అందించిన జవాబు ఇది.

ఫింత్సి, రోమా జాతికి చెందిన దెర్వో సెయ్‌దిచ్ ఇద్దరూ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. 2009 డిసెంబరు 22న పదిహేడుమంది న్యాయమూర్తుల గ్రాండ్ ఛాంబర్ తీర్పు చెప్పింది. ఎగువసభ విషయంలో పద్నాలుగుమంది, అధ్యక్ష పదవి విషయంలో పదహారుమంది ఇది వివక్షేనన్నారు. దేవుడు వరమిచ్చాడు. పూజారి ఇవ్వలేదు. 2010, 2014, 2018, 2022 ఎన్నికలు నాలుగూ ఆ పాత నిబంధనల కిందే జరిగాయి. ఆ తర్వాత తానే జాతినీ చెప్పుకోను, నేను పౌరురాలిని అన్న అజ్రా జోర్నిచ్ 2014లో గెలిచారు. సెర్బుల ప్రాంతంలో నివసిస్తున్నందువల్ల పోటీకి అర్హత కోల్పోయిన బోస్నియాక్ ఇలియాజ్ పిలావ్ 2016లో గెలిచారు. ఆయన ఊరు స్రెబ్రెనిట్సా! గెలిచిన కాగితాలు బీరువాలో పెరిగాయి, కుర్చీలు కదలలేదు.

దేశంలోని రాజ్యాంగ న్యాయస్థానం ఏం చేసిందని పాఠకులు అడగవచ్చు. 2006లో ఈ ప్రశ్న దాని ముందుకు వచ్చింది. ఒడంబడికకు మిగతా చట్టాలన్నిటికంటే పైచేయి అని రాశారు కదా, రాజ్యాంగంలోని ఈ నిబంధన దానికి విరుద్ధం కదా అని. ఒడంబడికకు ఈ దేశంలో బలమిచ్చింది రాజ్యాంగమే గనుక అది రాజ్యాంగం కంటే పైది కాజాలదని న్యాయస్థానం పక్కకు తప్పుకుంది. తర్కం చూస్తే తప్పు పట్టడం కష్టం. నేనైనా అవతలి పక్షాన నిలబడితే ఆ వాదనే చేసి ఉండేవాణ్ణి. కాని తర్కం నిలిచినంత మాత్రాన న్యాయం నిలిచినట్టు కాదు.

ఇక్కడ ‘ముందు శాంతి’ వాదుల బలమైన వాదనను దాచకుండా చెప్పాలి. స్ట్రాస్‌బర్గ్ తీర్పులోనే ఒక న్యాయమూర్తి, మాల్టాకు చెందిన జొవాని బొనెల్లో, రెండు విషయాల్లోనూ విభేదించారు. మూడు పక్షాల మధ్య అతికష్టం మీద కుదిరిన తూకం నెత్తుటి ప్రవాహాన్ని ఆపిందనీ, దూరాన కూర్చున్న కోర్టు దాన్ని కదిలించకూడదనీ ఆయన వాదనలోని సారం. గౌరవించదగ్గ భయం అది. కాని నా ప్రశ్న వేరు. ఆ తూకంలో రాళ్ళుగా కూర్చున్నది ఎవరు? తుపాకులున్నవాళ్ళు. తుపాకి పట్టనివాళ్ళకు తూకంలో చోటు దొరకలేదు. అంటే, సంధి కాలంలో పదవి కావాలంటే ముందుగా యుద్ధం చేసి ఉండాలి! ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగాయి. పోట్లాట ఆగాక పచ్చిక పంచే రోజున కూడా లేగలకు వంతు లేదన్నారు. ఇది శాంతికి పునాది అవుతుందా? రేపు ఇంకో దేశంలో ఇంకో చిన్న సమూహం ఈ సంగతి గమనిస్తే దానికి అందే పాఠమేమిటి?

పైగా ఆ మూడు కుర్చీలూ పీకేయమని ఎవరూ అడగలేదు. ఆ ఏర్పాటు పుట్టిన నాటి అవసరాన్ని కోర్టు కాదనలేదు. అధికారం పంచుకోవడానికి, కొందరిని పూర్తిగా బయటకు నెట్టని మార్గాలున్నాయంది. ఏ జాతి ప్రాణాధార ప్రయోజనాన్నయినా కాపాడే వీటో రాజ్యాంగంలోనే ఉంది. అది ఉండగా ఒక రోమా మనిషి నామినేషను వేసినంతలో ఎవరి కొంప మునుగుతుంది? 2013 జనాభా లెక్కల్లో ఇతరులు వందకు ముగ్గురు కూడా లేరు. ఇంత కొద్దిమంది కోసం ఇంత గొడవా అంటారు. అంత కొద్దిమంది పోటీ చేస్తే కూలిపోయే శాంతి, శాంతేనా అని నేనంటాను.

ఇంకొందరు ఉపాయం చెబుతారు. “ఫారంలో బోస్నియాక్ అని రాసేసుకుంటే పోలా? ఎవడు పరీక్ష చేస్తాడు?” అని. ఈ ఉపాయం మనకు కొత్తదా? జనాభా లెక్కలవాడు వచ్చినప్పుడు మాతృభాష గడిలో రాష్ట్రభాష రాయించేసుకోండి, పోయేదేముంది అని మనకు హితవు చెప్పినవాళ్ళు లేరా? పోయేది ఆ గడిలోని మాటే. హక్కు పొందడానికి అబద్ధమాడవలసిన చోట హక్కు లేదనే అర్థం. జోర్నిచ్ చెప్పింది అదే, కోర్టు ఒప్పుకున్నదీ అదే.

రెండో పక్షం వాళ్ళు వేరే మాటంటారు. “అంతర్జాతీయ న్యాయమంటే పరాయివాడి పెత్తనం. ఇంటివాళ్ళు తేల్చుకోవలసింది ఇంటివాళ్ళే తేల్చుకోవాలి.” స్వాభిమానం గలవాళ్ళకు ఈ మాట నచ్చుతుంది. కాని బోస్నియాలో ఇంటివాళ్ళు ఏం తేల్చారో చూడండి. యుద్ధ కాలంలో పారిపోయినవాళ్ళ ఇళ్ళను ‘వదిలేసిన ఆస్తి’ అని చట్టం చేసి ఇతరులకిచ్చారు. యుద్ధం ముగిశాక రోజుల లెక్కన గడువు పెట్టి, ఆలోగా వచ్చి కాపురం పెట్టకపోతే హక్కు పోయిందన్నారు. జర్మనీలోనో ఆస్ట్రియాలోనో శరణార్థిగా ఉన్నవాడు ఆ గడువులోగా తన ఇంటికి ఎలా చేరతాడు? ఆ చట్టాలను ఒడంబడిక ముందు నిలబెట్టి కొట్టేయించినది అంతర్జాతీయ ఒత్తిడే, డేటన్ కింద ఏర్పడిన మానవ హక్కుల ఛాంబరే. సుమారు 2 లక్షల ఆస్తి దరఖాస్తుల్లో అత్యధిక భాగం 2004 చివరికల్లా తేలిపోయాయి. యుద్ధం పోగొట్టిన ఇంటి తాళంచెవి కాగితం మీద కాక చేతిలోకి తిరిగిరావడం చరిత్రలో చాలా అరుదు.

ఆ ఛాంబరే 2003 మార్చిలో స్రెబ్రెనిట్సా బాధితుల బంధువుల కేసులో తీర్పిచ్చింది. తమవాళ్ళు ఏమయ్యారో చెప్పకుండా కుటుంబాలను చీకట్లో ఉంచడం కూడా అమానుషమేనంది. ఉన్న సమాచారమంతా బయటపెట్టమని, స్మారక సంస్థకు మొత్తం 40 లక్షల మార్కులు చెల్లించమని సెర్బు రిపబ్లిక్‌ను ఆదేశించింది. దాని ఫలితంగా కమిషన్ ఏర్పడింది, 2004లో నివేదిక వచ్చింది, ఆ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2018లో అక్కడి అసెంబ్లీయే ఆ నివేదికను తోసిపుచ్చింది, నిజమే. అయినా ఒకసారి రికార్డుకెక్కిన ఒప్పుకోలును చెరిపేయడం ఏ అసెంబ్లీ తరమూ కాదు. ఇంటివాళ్ళనే నమ్ముకొమ్మంటే ఆ తల్లులకు ఈ కాగితం కూడా దక్కేది కాదు.

అయితే బయటివాళ్ళను నేను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. వాళ్ళ ఖాతా కూడా విప్పాలి. డేటన్ ఒప్పందం అమలును చూడటానికి హై రిప్రజెంటేటివ్ అనే విదేశీ అధికారిని పెట్టారు. 1997 డిసెంబరులో బాన్ నగరంలో జరిగిన సమావేశం తర్వాత ఆయనకు చట్టాలు చేసే అధికారం, ఎన్నికైనవాళ్ళను సైతం తీసేసే అధికారం వచ్చాయి. 2004 జూన్ 30న ఒక్కరోజే అరవైమందికి అటూ ఇటూగా సెర్బు అధికారులను, నాయకులను పదవుల్లోంచి తొలగించారు. వాళ్ళలో దోషులుండవచ్చు. కాని అప్పీలు చేసుకునే చోటేది? 2006లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మాటే అంది, వాళ్ళు మొరపెట్టుకోవడానికి మార్గం ఉండాలని. 2007 మార్చిలో హై రిప్రజెంటేటివ్ కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. తన నిర్ణయాలను దేశీయ కోర్టుల్లో సవాలు చేయడానికి వీల్లేదన్నది దాని సారాంశం. మానవ హక్కుల ఒడంబడికను నెత్తిన పెట్టుకుని వచ్చినవాడు ఆ ఒడంబడిక తన గుమ్మం దాటి లోపలికి రాకూడదన్నాడు! చట్టం తెచ్చినవాడికి ఆ చట్టం వర్తించకపోతే, అది నేర్చుకునేవాడు ఏం నేర్చుకుంటాడు? అధికారం ఉన్నంతకాలం మినహాయింపు ఉంటుందనే నేర్చుకుంటాడు. బోస్నియా నాయకులు ఆ పాఠం బాగానే వంటబట్టించుకున్నారు.

యూరపు సంఘం సంగతీ అంతే. సెయ్‌దిచ్-ఫింత్సి తీర్పు అమలు చేస్తేనే మాతో చేరిక అని కొన్నేళ్ళు షరతు పెట్టారు. నాయకులు కదలకపోయేసరికి 2014 చివర్లో ఆ షరతును వెనక్కి నెట్టారు. 2015లో భాగస్వామ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. 2022 డిసెంబరులో అభ్యర్థి హోదా కూడా ఇచ్చారు. తీర్పు మాత్రం తీర్పుగానే మిగిలింది. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఇక్కడ ఓడ ఎక్కినవాళ్ళు పెద్దలు, రేవులో మిగిలింది ఇద్దరు కక్షిదారులు. పుండు మీద కారంలా 2025 జూన్‌లో ఇలాంటిదే మరో కేసులో, కింది ఛాంబర్ 2023లో ఇచ్చిన అనుకూల తీర్పు గ్రాండ్ ఛాంబర్ ముందు నిలవలేదు. దరఖాస్తు విచారణకే అర్హం కాదన్నారు.

చేయలేక చేయలేదా అంటే, అదీ కాదు. మోస్తార్ నగరంలో 2008 తర్వాత పన్నెండేళ్ళు మునిసిపల్ ఎన్నికలు లేవు. 2019 అక్టోబరులో స్ట్రాస్‌బర్గ్ కోర్టు అది తప్పంది. 2020 డిసెంబరు 20న మోస్తార్ ఓటు వేసింది. పద్నాలుగు నెలలు! అక్కడ రెండు పెద్ద జాతుల పార్టీలకూ ఎన్నిక కావలసివచ్చింది, జరిగింది. ఇతరులకు పోటీ హక్కు ఏ పెద్ద పార్టీకీ అక్కర్లేదు, జరగలేదు. మధ్యలో న్యాయసూత్రాల చిక్కుముడి ఏదీ లేదు.

ఇదంతా మనకెందుకు అనే పాఠకులుంటారు. మన స్థితిని బోస్నియాతో సమానం చేస్తే అది అక్కడ చచ్చిపోయినవాళ్ళకు అపచారం. 1936 ఏప్రిల్ 1న మా బరంపురం మద్రాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాకు మారినప్పుడు కాగితం మీద గీత కదిలింది. మేము కుర్చీలకు అనర్హులం కాలేదు. ఎన్నికల్లో నిలబడుతున్నాం, గెలుస్తున్నాం, ఓడుతున్నాం. 1956లో ఏడో సవరణ 350-ఏ అధికరణాన్ని తెచ్చింది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించమంది. అది ఎన్ని తెలుగు బడులను నిలిపిందో హొసూరు నుంచి యానాం దాకా మన పాఠకులకు విడిగా లెక్క చెప్పనక్కర్లేదు. మనకూ బోస్నియా ‘ఇతరులకూ’ కలిసే చోటు ఒక్కటే. హక్కు పత్రంలో పేరుండి, ఆ పత్రాన్ని అమలు చేసే ఇంట్లో మనిషి లేకపోవడం. ఆ లోటు తెలిసినవాళ్ళకే ఈ కేసు లోతు తెలుస్తుంది. అందుకే దీని గురించి మనం మాట్లాడాలి, పెద్ద భాషల పెద్ద పత్రికలు మాట్లాడకపోయినా.

నా వాదన మూడు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. ఒకటి, సంధిపత్రం సంధిపత్రంగానే ఉండాలి. దాన్నే రాజ్యాంగం చేయవలసివస్తే ఫలానా ఏటికల్లా తిరిగి చూడాలని అందులోనే గడువు రాయాలి. గడువులేని తాత్కాలికం శాశ్వతమే. రెండు, అంతర్జాతీయ ఒడంబడికను ఒక దేశపు చట్టంలో చేర్చేవాళ్ళు ఆ దేశపు భాషల్లో చేర్చాలి, తామూ దానికి కట్టుబడాలి. మూడు, యుద్ధం తర్వాత రాసే ఏ చట్టాన్నయినా తుపాకి పట్టనివాడి కంటితో పరీక్షించాలి. పట్టినవాళ్ళ మాట ఎలాగూ చెల్లుతుంది, దానికి కోర్టులక్కర్లేదు. న్యాయం అవసరమయ్యేది కుండలీకరణంలో మిగిలిపోయినవాడికి.

ఫింత్సికి తీర్పొచ్చి పదిహేనేళ్ళు దాటింది. ‘తర్వాత’ చూద్దామన్న పెద్దమనుషులు ఆయనకు ఇప్పుడు తేదీ చెప్పాలి.